గోధుమరంగు కళ్లు

ఆ పాపకు అప్పుడు మూడేళ్లుంటాయి. రాత్రి పడుకోబోయే ముందు మోకరించి దేవుణ్ణి ఒకే ఒక్కటి అడిగింది. తన గోధుమరంగు కళ్లను నీలిరంగు కళ్లుగా మార్చెయ్యమని! అడిగితే దేవుడు ఇస్తాడని అమ్మ చెప్పింది. అమ్మ చెప్పిందంటే జరిగి తీరాల్సిందే. అందుకే ఏ అనుమానమూ లేకుండా హాయిగా నిద్రపోయింది. తెల్లవారగానే లేచి అద్దం దగ్గరకు పరుగెత్తింది. అద్దంలో కనిపించినవి నిన్నటి గోధుమరంగు కళ్లే. ఆ పసిదాని దుఃఖం అంతా ఇంతా కాదు. తన ప్రార్థనకు జవాబు రాలేదనుకుంది. కాదనడం కూడా ఒక జవాబేనని ఆ తర్వాత నెమ్మదిగా అర్థమైంది. అయితే ఎందుకు కాదన్నాడో తెలియడానికి మాత్రం ముప్పై ఏళ్లకు పైగా పట్టింది. అదీ పుట్టిన ఊళ్లో కాదు. సముద్రాలు దాటి వచ్చాక తమిళదేశంలో తెలిసింది.

ఆ పాపే ఎమీ కార్మైకేల్. ఐర్లండ్ దేశంలో, నేటి ఉత్తర ఐర్లండ్‌లో ఉన్న కౌంటీ డౌన్‌లో, సముద్రపు ఒడ్డున మిల్‌ఐల్ అనే పల్లెలో 1867 డిసెంబరు 16న పుట్టింది. తండ్రి డేవిడ్ కార్మైకేల్‌కు పిండిమిల్లు ఉండేది. తల్లి పేరు కేథరీన్. ఏడుగురు పిల్లల్లో ఎమీయే పెద్దది. భక్తిగల కుటుంబం, కలిగిన కుటుంబం. దేనికీ లోటు లేదు, ఆ నీలికళ్లకు తప్ప! తమ్ముడి కళ్లు నీలంగా ఉండేవి. వాడి బుగ్గ గిల్లితే కళ్లలో నీలం ఇంకా మెరుస్తుందని ఎమీ అప్పుడప్పుడూ వాణ్ణి గిల్లేది. ఆ తర్వాత అయ్యో, వాడికి నొప్పి పెట్టానే అని బాధపడేది.

ఇది చిన్నపిల్లల ముచ్చటేలే అని నవ్వి ఊరుకోవచ్చు. కానీ నవ్వే ముందు ఆదివారం పేపర్లలో పెళ్లి ప్రకటనలు ఒకసారి చూడండి. వధువు తెల్లగా ఉండాలన్న షరతు క్రైస్తవ సంబంధాల ప్రకటనల్లోనూ కనిపిస్తుంది. దేవుడు పైరూపాన్ని చూడడని, హృదయాన్ని చూస్తాడని సమూయేలు మొదటి గ్రంథం పదహారో అధ్యాయం నుంచి ప్రసంగం విని, ఆమేన్ అని ఇంటికొచ్చి, పుట్టిన మనవరాలు నలుపని నిట్టూర్చే నానమ్మలు మన సంఘాల్లో లేరా? క్రిస్మస్ నాటకంలో మరియమ్మ వేషం ఏ రంగు పిల్లకు దక్కుతుందో, వెనక వరుసలో గొర్రెల కాపరిగా ఎవరు నిలబడతారో ఆ పిల్లలకు బాగా తెలుసు. పైకి చెప్పరంతే. రాత్రి దుప్పటి కప్పుకున్నాక వాళ్లు దేవుణ్ణి ఏం అడుగుతారో మనకు వినపడదు. పరమగీతములోని కన్య తన నలుపును, తన సౌందర్యాన్ని ఒక్క ఊపిరిలోనే చెప్పుకుంది. ఆ మాట మీద మన మందిరాల్లో ఎన్ని ప్రసంగాలు విన్నాం?

సరే, ఎమీ దగ్గరకు వద్దాం. ఆమెకు పదహారేళ్లప్పుడు కుటుంబం బెల్‌ఫాస్ట్ నగరానికి వచ్చేసింది. 1885లో తండ్రి చనిపోయాడు. మిల్లు వ్యాపారం అప్పటికే చితికిపోయింది. ఆ రోజుల్లోనే ఒక ఆదివారం ఆరాధన ముగించుకుని తమ్ముళ్లతో ఇంటికి వస్తుంటే, చింకిబట్టల ముసలామె ఒకతె బరువైన మూట మోయలేక సతమతమవుతూ కనిపించింది. ముగ్గురూ వెళ్లి సాయం పట్టారు. అయితే ఎదురుగా గుడి నుంచి వచ్చే పెద్దమనుషులందరూ చూస్తున్నారు. గాలికి ఆ చింకిబట్టలు ఎగిరి తమ బట్టలకు తగులుతున్నాయి. సిగ్గుతో ఎమీ ముఖం ఎర్రబడిపోయింది. సరిగ్గా అప్పుడే, వీధిలోని నీటి ఫౌంటెన్ దగ్గర, కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని మాటలు ఎవరో తనతో పలికినట్టు వినిపించాయి. బంగారం, వెండితో కట్టిన పని ఏదో, గడ్డితో కట్టిన పని ఏదో అగ్నిలో తేలిపోతుందన్న మాటలవి. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఆ మధ్యాహ్నం గది తలుపు వేసుకుని దేవునితో లెక్క తేల్చుకుంది. నలుగురి కళ్లలో తాను ఎలా కనిపిస్తున్నానన్న బాధ ఆ రోజు ఆమెను వదిలిపెట్టడం మొదలుపెట్టింది. పూర్తిగా వదిలిందని నేననను. అలాంటివి ఒక్క మధ్యాహ్నంతో పోవు.

బెల్‌ఫాస్ట్ నూలు మిల్లుల్లో పనిచేసే పేద అమ్మాయిలకు టోపీ కొనుక్కునే స్తోమత ఉండేది కాదు. తలమీద శాలువా కప్పుకుని తిరిగేవారు. ఆ దేశంలో టోపీ లేకుండా స్త్రీ గుడికి రావడమంటే మర్యాద తక్కువ. శాలువా అమ్మాయిలని ఊరంతా వాళ్లను తక్కువగా పిలిచేది. ఎమీ వాళ్లను కూడగట్టి తమ గుడి హాల్లోనే బైబిల్ క్లాసు పెట్టింది. సభ్యులు కొందరికి అది రుచించలేదు. అమ్మాయిల సంఖ్య పెరిగి హాలు చాలకపోతే, ఐదు వందల మంది పట్టే ఇనుప రేకుల షెడ్డు కోసం దేవుణ్ణి అడిగింది. ఒకామె డబ్బిచ్చింది, ఒక మిల్లు యజమాని స్థలం చూపించాడు. 1889లో ఆ హాలు తెరుచుకుంది. శాలువా కప్పుకుని నిస్సంకోచంగా వచ్చి కూర్చోగలిగే దేవుని మందిరం ఆ అమ్మాయిలకు దొరికింది.

1892లో మిషనరీగా వెళ్లమన్న పిలుపు ఆమెకు స్పష్టంగా అందింది. చైనాకు వెళ్లాలనుకుంటే ఆరోగ్యం చాలదని డాక్టరు ఒప్పుకోలేదు. నరాల నొప్పి ఆమెను జీవితమంతా వేధించింది. 1893లో జపాను వెళ్లింది. అక్కడ జరిగిన ఒక చిన్న సంగతి చెప్పుకోవాలి. జబ్బుపడిన ఒక వృద్ధురాలు సువార్త శ్రద్ధగా వింటోంది. ఇంకొక్క క్షణంలో హృదయం తెరుచుకునేలా ఉంది. ఇంతలో ఆమె చూపు ఎమీ చేతులకున్న బొచ్చు గ్లవుజుల మీద పడింది. అంతే, వినడం మాని అవేమిటని అడగడం మొదలుపెట్టింది! చలికి తాళలేక వేసుకున్న గ్లవుజులు అవి. ఎమీ ఇంటికెళ్లి తన ఇంగ్లీషు బట్టలు విప్పి పక్కనపెట్టి, జపాను స్త్రీలు కట్టుకునే కిమోనో కట్టుకుంది. పదిహేను నెలల తర్వాత ఆరోగ్యం చెడి జపాను వదలాల్సివచ్చింది. ఆ పాఠం మాత్రం ఆమెతోపాటే 1895 నవంబరులో మన దేశానికి వచ్చింది. ఆ తర్వాత యాభై ఐదేళ్లు, అంటే చనిపోయేదాకా, ఒక్కసారి కూడా స్వదేశానికి వెళ్లలేదు.

మొదట బెంగుళూరు, తర్వాత తిరునెల్వేలి జిల్లా. థామస్ వాకర్ అనే అనుభవజ్ఞుడైన మిషనరీ దగ్గర తమిళం నేర్చుకుంది. చీర కట్టింది. తమిళ క్రైస్తవ స్త్రీలను కొందరిని వెంటబెట్టుకుని ఎడ్లబండి మీద ఊరూరా తిరిగింది. ఆ జట్టులో పొన్నమ్మాళ్ అనే యువ వితంతువు ముఖ్యురాలు. ఆ రోజుల్లో నగలంటే కులం, హోదా, మగవారి పరువు అన్నీ. క్రైస్తవులకూ అంతే. ఒకరోజు ఇద్దరు పిల్లలు మాట్లాడుకోవడం పొన్నమ్మాళ్ చెవిన పడింది. పెద్దయ్యాక తానూ ఆ జట్టులో చేరతానని, అప్పుడు పొన్నమ్మాళ్ అక్కలాగా నగలు పెట్టుకోవచ్చని ఒక పిల్ల రెండోదానికి చెబుతోంది. తనలో పిల్లలు చూస్తున్నది క్రీస్తును కాదు, మెడలో గొలుసునని ఆమెకు గుచ్చుకుంది. నగలు తీసేసింది. ఊళ్లో పెద్ద గొడవే అయింది. నగలు పెట్టుకోవడం పాపమా అని ఈ సంగతిని వాదనకు వాడుకునేవాళ్లుంటారు. విషయం అది కాదు. బోసి మెడతో తల ఎత్తుకుని నడవడం పొన్నమ్మాళ్‌కు చేతనైంది. అదీ చెప్పుకోవలసింది.

1901 మార్చిలో ఎమీ జీవితం మలుపు తిరిగింది. ఏడేళ్ల పాప ఒకతె గుడి వారి ఇంటి నుంచి తప్పించుకుని పారిపోయి వచ్చింది. పేరు ప్రీనా. ముత్యాల్లాంటి కళ్లున్నదని అర్థం. దేవునికి అర్పణ అనే పేరుతో ఆడపిల్లలను చిన్నతనంలోనే అప్పగించి, పెద్దయ్యాక భోగవృత్తిలోకి దించే దురాచారం ఆనాడు దక్షిణాదిన పలుచోట్ల ఉండేది. ప్రీనా అంతకుముందు ఒకసారి పారిపోయి, ఇరవై మైళ్లు నడిచి కన్నతల్లి దగ్గరకు చేరింది. తల్లి భయపడి మళ్లీ ఆ స్త్రీలకే అప్పగించింది. శిక్షగా ఆ పసి చేతుల మీద వాతలు పెట్టారు. పిల్లలను ఎత్తుకుపోయే తెల్లామె ఒకతె తిరుగుతోందని ఆ స్త్రీలు పాపను బెదిరించేవారట. ఎత్తుకుపోయినా సరే, ఆమె దగ్గరకే పోవాలని పాప నిశ్చయించుకుంది! ఒక క్రైస్తవ స్త్రీ దారిలో చూసి, మర్నాడు ఎమీ దగ్గరకు తీసుకొచ్చింది. వచ్చీ రాగానే ఒళ్లో చేరిపోయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ వృత్తి కోసం ఎక్కువగా వెతికేది అందమైన పిల్లలనే. చూడచక్కని ముఖం, పెద్ద కళ్లు ఉన్నాయంటే ఆ పాపకు ప్రమాదమన్నమాట. ఎమీ మూడేళ్లప్పుడు కావాలని ఏడ్చి అడిగిన అందం, ఈ పిల్లల పాలిట ధర చీటీ అయింది. ప్రీనా చెప్పిన సంగతులు విన్నాక ఎమీ అంతవరకు చేసిన పని అలాగే సాగించలేకపోయింది. ఈ పిల్లలు ఎక్కడి నుంచి వస్తున్నారో, ఎవరు తెస్తున్నారో తెలుసుకోవడానికి బయల్దేరింది. తెల్లామెగా వెళితే ఎవరూ నోరు విప్పరు. అందుకని ముఖానికీ చేతులకూ కాఫీ నీళ్లు పులుముకుని, చీర కొంగు తలమీదుగా కప్పుకుని, స్థానిక స్త్రీలా జనంలో కలిసిపోయేదని ఆమె జీవితచరిత్రలు చెబుతాయి. చర్మానికి రంగు పూయవచ్చు. బట్ట మార్చవచ్చు. కళ్లకు ఏం పూస్తారు? నీలికళ్లయి ఉంటే మొదటి చూపులోనే పట్టుబడిపోయేది. ఈ గోధుమరంగు కళ్లు మాత్రం ఇక్కడి కళ్లలాగే ఉన్నాయి. మిల్‌ఐల్‌లో తెల్లవారి అద్దం ముందు వచ్చిన జవాబుకు అర్థం అప్పుడు తెలిసింది.

సండేస్కూళ్లలో ఎమీ కథను ఇక్కడితో ఆపేస్తారు. పిల్లలు చప్పట్లు కొడతారు. నాకు మాత్రం ఇక్కడ ఆపడం ఇష్టం లేదు. ఎందుకంటే దేవుడు ఇచ్చిన కళ్లు ఏదో ఒక పనికి పనికొచ్చాయి గనుక అవి మంచివి అన్నట్టు అవుతుంది. అలాగైతే ఏ పనికీ పనికొచ్చినట్టు కనిపించని కళ్ల సంగతేమిటి? పుట్టుమచ్చ ఉన్న చెంప, పోలియోతో సన్నబడిన కాలు, నలభై ఏళ్లు బట్టలుతికి గట్టిపడిన చేతులు ఏ రహస్యకార్యం కోసమో ఇచ్చినవని రుజువైతేనే అందమైనవా? నూట ముప్పై తొమ్మిదో కీర్తన అలా చెప్పదు. తల్లి గర్భంలో తనను అల్లినవాడి పని ఆశ్చర్యకరమని దావీదు స్తుతిస్తాడు. పని పూర్తిచేసి ఫలితం చూపించాక స్తుతించలేదు. ఎమీ కూడా ఈ సంగతి కాఫీ నీళ్ల రోజుల్లో కాదు, చాలా ఆలస్యంగా, కష్టంగా నేర్చుకుందని ఆమె జీవితం చదివితే అనిపిస్తుంది.

1901లోనే ఆమె నివాసం దోనావూరుకు మారింది. పడమటి కనుమల పాదాల దగ్గర, కలక్కాడుకు చేరువలో ఉన్న చిన్న ఊరది. ఊరు కట్టడానికి సాయం చేసిన దోనా అనే జర్మను ప్రభువు పేరే ఊరికి పెట్టారు. 1904 నాటికి పిల్లలు పదిహేడు మంది. 1913 నాటికి నూట ముప్పై మంది! 1918 నుంచి మగపిల్లలనూ చేర్చుకున్నారు. సువార్త చెబుతూ ఊళ్లు తిరగడానికి వచ్చిన మిషనరీ పాలసీసాలు కడుగుతూ, గోళ్లు కత్తిరిస్తూ కూర్చుందని తోటి మిషనరీలే కొందరు పెదవి విరిచారు. ఎమీ పట్టించుకోలేదు. పిల్లలకు ఆమె అమ్మ. తోటి పనివారు, విదేశీయులైనా, ఇక్కడివారైనా, స్త్రీలైతే చిత్తి, అంటే పిన్ని. మగవారైతే అణ్ణాచ్చి, అంటే అన్నయ్య. ఎవరికీ జీతం లేదు. కుల భేదం లేదు. డబ్బు కోసం ఎవరినీ అడిగేది లేదు, దేవుణ్ణి తప్ప.

చాలామంది పిల్లలకు పుట్టినరోజు ఎప్పుడో తెలియదు. అందుకని ఆ బిడ్డ దోనావూరుకు వచ్చిన రోజునే పండుగ చేసేవారు. పువ్వులు, చిన్న కానుక, అమ్మ గదికి వెళ్లే హక్కు. ఒకప్పుడు ముఖం చూసి ధర కట్టిన పిల్లకు, ఏడాదికి ఒకరోజు నువ్వు రావడమే మాకు పండుగ అని చెప్పడం ఎంత పెద్ద వైద్యమో ఆలోచించండి. ఏం చదివావు, ఎన్ని మార్కులు అన్న ప్రశ్న అందులో లేదు. వచ్చావు, చాలు.

దుఃఖాలూ తక్కువేం కాదు. మొదటి ఏళ్లలో పసికందులు జబ్బు చేసి చనిపోయారు. 1912 ఆగస్టులో ఆమెకు తండ్రిలా, గురువులా ఉన్న వాకర్ మన బందరులో కూటాలు నడపడానికి వచ్చి, అక్కడే హఠాత్తుగా మరణించాడు. 1915లో పొన్నమ్మాళ్ కేన్సర్‌తో వెళ్లిపోయింది.

1919లో ప్రభుత్వం ఆమె సేవకు కైసర్-ఇ-హింద్ పతకం ప్రకటించింది. ఆమె సంతోషించడం మాట అటుంచి కలవరపడిపోయింది. తిరస్కరించబడినవాణ్ణి వెంబడిస్తూ తాను మెడలో పతకం వేసుకోవడం ఎలాగన్నది ఆమె బాధ. పెద్దలు నచ్చచెబితే కాదనలేక ఒప్పుకుంది గానీ, మద్రాసులో జరిగిన ఉత్సవానికి వెళ్లలేదు. యెషయా యాభై మూడో అధ్యాయం చదివినవారికి ఆమె మనసు అర్థమవుతుంది. మనం ఆశపడేందుకు తగిన అందచందాలు ఆ బాధామయ సేవకునిలో లేవని, ఆయనను చూసి జనం ముఖం తిప్పుకున్నారని ప్రవక్త ముందే రాశాడు. క్యాలెండర్లలో ఆయనను తెల్లగా, నీలికళ్లతో అచ్చువేసి గోడకు తగిలించుకున్నది మనం!

1931 అక్టోబరు 24 సాయంత్రం. కలక్కాడులో వైద్యశాల కోసం అద్దెకు తీసుకున్న ఇల్లు చూడడానికి వెళ్లింది. చీకటి పడుతోంది. పనివాళ్లు ఉండకూడని చోట తవ్విన గోతిలో పడింది. కాలు విరిగింది, చీలమండ దెబ్బతింది, వెన్నుకు గాయమైంది. కొన్ని వారాల్లో లేచి తిరుగుతాననుకుంది. లేవలేదు. దాదాపు ఇరవై ఏళ్లు ఆ గదే ఆమె లోకమైంది. అరవై మూడేళ్ల వయసులో, వందల మంది పిల్లల తల్లి, వాళ్ల వెంట పరుగెత్తడం మాట అలా ఉంచి, నొప్పి లేకుండా నిద్రపోవడం కూడా అరుదైపోయింది. కనుక కళ్లు పనికొచ్చాయి గనుక మంచివి అన్న లెక్క ఇక్కడ చెల్లదు. ఇప్పుడు ఆ ఒళ్లు దేనికి పనికొస్తుంది? ఇంకొకరు స్నానం చేయించాలి, ఇంకొకరు పక్క మార్చాలి.

ఆ ప్రశ్న ఆమెకూ వచ్చింది. తాను భారమైపోయానన్న దిగులు రాత్రుళ్లు పట్టుకునేది. దాన్ని దాచుకోలేదు. ఆరోగ్యవంతులు రోగులకు రాసే ఓదార్పు పుస్తకాలు ఎంత దయగా ఉన్నా లోపలికి దిగవని ఆమెకు స్వానుభవంతో తెలిసింది. అందుకే నొప్పి ఉండగానే, నొప్పిలో ఉన్నవారి కోసం 1933లో ఒక పుస్తకం వెలువరించింది. మంచం మీది ఆ ఏళ్లలో పదికి పైగా పుస్తకాలు వచ్చాయి. కానీ పుస్తకాలు రాసింది గనుక విలువైనది అంటే మళ్లీ పాత లెక్కకే వస్తాం. ఆ గదిలో జరిగిన అసలు సంగతి పిల్లలకు తెలుసు. వాళ్లు వరుసగా ఆ మంచం దగ్గరకు వచ్చేవారు. తాను వచ్చిన రోజు పండుగ చేసుకుంటున్న పిల్ల కొత్త బట్టలతో నిలబడితే, మంచం మీది అమ్మ ఆ పిల్లను కళ్లారా చూసేది. అంతే. చూడడం ఒక్కటే ఆమె చేయగలిగింది. వాతలు పడిన చేతులను, ఎవరికీ అక్కర్లేని ముఖాలను, దేవుడు చూసినట్టే చూసేందుకు ఆ గోధుమరంగు కళ్లు చాలాయి. తమను అలా చూసే మనిషి ఒకరు దొరికిన పిల్లలు అద్దానికి భయపడరు.

1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసి నిరోధక చట్టం వచ్చింది. మన కోస్తా జిల్లాలూ అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. ఈ గెలుపు ఒక్క మిషనరీలది కాదు. భోగం మేళాల మీద రాజమండ్రిలో కత్తి కట్టిన కందుకూరి వీరేశలింగం పంతులు, శాసనసభలో ఏళ్ల తరబడి పోరాడిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి వంటి వారెందరో దాని వెనుక ఉన్నారు. ఎమీ ఆ వార్త మంచం మీద నుంచే విన్నది. 1948లో గదిలోనే మళ్లీ పడిపోయాక మంచం దిగలేకపోయింది. 1951 జనవరి 18 తెల్లవారుజామున, ఎనభై మూడేళ్ల వయసులో నిద్రలోనే ప్రభువు సన్నిధికి చేరింది.

తన సమాధి మీద రాయి పెట్టవద్దని ముందే చెప్పి ఉంచింది. పిల్లలు ఆ మాట దాటలేదు. చెట్ల నీడలో ఉన్న ఆ చోట, పక్షులు నీళ్లు తాగడానికి ఒక రాతి తొట్టి నిలిపారు. పేరు, తేదీ ఏవీ వేయలేదు. అమ్మై అని ఒక్క మాట చెక్కించారు. తమిళంలో అమ్మ అని అర్థం.